లైకులు వస్తున్నాయి, పుస్తకం కదలడం లేదు: సొంతంగా వేసుకున్న మొదటి పుస్తకానికి సమస్య - పరిష్కారం

సొంతంగా వేసుకున్న మొదటి పుస్తకం అమ్ముడుపోకపోతే చాలామంది రచయితలు చేసే మొదటి పని ఇంకో పోస్టు పెట్టడం. దానికీ స్పందన లేకపోతే రోజుకి రెండు. కొన్నాళ్లకి స్నేహితులు ఆ పోస్టులు చదవకుండానే దాటేస్తారు. రచయితకేమో తన రాత మీదే అనుమానం మొదలవుతుంది. నాకు బాధ కలిగించేది ఈ అనుమానమే. ఎందుకంటే నేను చూసినంతలో లోపం చాలాసార్లు రాతలో ఉండదు, సోషల్ మీడియాలో కూడా ఉండదు. పోస్టుకీ పాఠకుడి చేతికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

ఒక పుస్తకం కొనాలంటే పాఠకుడికి పోస్టు కనపడాలి, లింకు నొక్కాలనిపించాలి, పుస్తకం అమ్మే ఆన్‌లైన్ పేజీ చూశాక నమ్మకం కుదరాలి, ఆ తర్వాత కొనడం సులువుగా అయిపోవాలి. ఎక్కడ ఆగిపోతున్నారో తెలియకుండా ఏది మార్చినా చీకట్లో బాణమే. కాబట్టి మీకు కనిపిస్తున్న లక్షణం దగ్గర మొదలుపెట్టండి.

కంగ్రాట్స్ బోలెడు, కాపీలు మాత్రం సున్నా

పోస్టు తెరిచి మీరేం రాశారో మళ్లీ చదవండి. "నా చిన్ననాటి కల నెరవేరింది, మీ ఆశీస్సులు కావాలి" అని ఉంటే ఆశీస్సులే వస్తాయి. వాళ్లు పిసినారులు కారు, మీరు అడిగింది ఇచ్చారు. ఆ పోస్టు మీ గురించి, పుస్తకం గురించి కాదు. అలాంటి పోస్టు ఒకటి ఉండాలి, పుస్తకం వచ్చిన రోజున దానికి అర్హత ఉంది. కానీ పదో పోస్టు కూడా అలాగే ఉంటే అసలు ఆ పుస్తకంలో ఏముందో ఎవరికీ తెలియదు.

రెండో కారణం, పుస్తకం గురించి రాసినప్పుడు కూడా ఏ పుస్తకానికైనా అతికే మాటలు వాడటం. ఇద్దరు అక్కచెల్లెళ్ల కథతో ఒక నవల ఉందనుకుందాం. రచయిత ఇలా పెడతారు: "మానవ సంబంధాల లోతుల్ని స్పృశించే హృద్యమైన నవల. తప్పక చదవండి." ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. అదే నవల గురించి ఇలా రాయండి: "అమ్మ పోయిన నెలకి అల్మరా సర్దుతుంటే ఇద్దరు అక్కచెల్లెళ్లకి ఒక డైరీ దొరికింది. అందులో అమ్మ తన ముగ్గురు కూతుళ్ల గురించి రాసుకుంది." ఇక్కడ "హృద్యం" అన్న మాట లేదు, "తప్పక" అన్న ఒత్తిడి లేదు. కానీ మూడో కూతురు ఎవరో తెలుసుకోవాలనిపిస్తుంది.

మొదటి వారం దాటాక ప్రతి పోస్టులోనూ పుస్తకం లోపలి ముక్క ఒకటి ఉండాలి: ఒక పేరా, ఒక సంభాషణ, ఒక పేజీ ఫొటో. కథేతర పుస్తకమైతే అందులోని ఒక సలహాని పూర్తిగా ఇచ్చేయండి. ఇచ్చేస్తే కొనరేమో అని భయపడకండి. ఒక మంచి ముక్క రుచి చూసినవాళ్లే మిగతాది అడుగుతారు.

పోస్టు ఎవరికీ కనపడటం లేదు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ మీరు పెట్టిందల్లా మీ స్నేహితులందరికీ చూపించవు. ఎవరికి ఏది చూపాలో వాటి లెక్క వాటికుంది. పేజీల పోస్టుల కన్నా స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే ప్రాధాన్యం ఇస్తామని ఫేస్‌బుక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. అందుకే రచయిత పేరుతో కొత్తగా పేజీ తెరిచి అందులోనే పోస్టులు పెడుతూ పోతే గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. ఇప్పటికే మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉన్న సొంత ప్రొఫైల్‌లోనే మొదలుపెట్టండి. పేజీ తర్వాత ఎప్పుడైనా తెరవొచ్చు.

మిగతావి చిన్న చిన్న సాంకేతిక కారణాలు, కానీ నిశ్శబ్దంగా దెబ్బతీస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కడానికి పనిచేయదు. లింకు బయోలో ఉండాలి, లేదంటే స్టోరీలో లింక్ స్టిక్కర్‌గా ఉండాలి. ఖాతాని బిజినెస్ అకౌంట్‌గా మార్చుకుంటే సినిమా పాటల్లాంటి లైసెన్సు సంగీతం చాలావరకు అందుబాటులో ఉండదు, కాబట్టి రీల్ కోసం ఎంచుకున్న పాట ఎందుకు దొరకడం లేదో అని జుట్టు పీక్కోనక్కర్లేదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చొచ్చు, అయితే మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందరికీ పంపాను, ఒక్కరూ మాట్లాడలేదని మనసు కష్టపెట్టుకునే ముందు ఇది చూసుకోండి. సగం మందికి అది వెళ్లే ఉండకపోవచ్చు.

పాఠకుల గ్రూపుల్లో పెట్టిన పోస్టుని అడ్మిన్ తీసేస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: చేరిన రోజే పుస్తకం లింకు పెట్టడం. ముందు ఒక నెల అక్కడ పాఠకుడిగా ఉండండి. మీకు నచ్చిన పుస్తకాల గురించి రాయండి, ఇతరుల పోస్టుల మీద మాట్లాడండి. మీ పేరు పరిచయమయ్యాక మీ పుస్తకం గురించి వాళ్లే అడుగుతారు. ఇది తిరుగుడు దారిలా అనిపిస్తుంది గానీ, కొత్త రచయితకి ఇంతకన్నా నికరమైన దారి నేను చూడలేదు. అన్ని చోట్లా అరకొరగా ఉండేకన్నా మీ పాఠకులు ఎక్కువగా తిరిగే ఒక్క చోట గట్టిగా ఉండండి.

లింకు నొక్కుతున్నారు, కొనకుండా వెళ్లిపోతున్నారు

ముందు ఇది నిజమో కాదో తేల్చుకోవాలి. క్లిక్కుల్ని లెక్కపెట్టే చిన్న లింకు తయారుచేసుకుని, ఫేస్‌బుక్‌కి ఒకటి, వాట్సాప్‌కి ఒకటి వేరువేరుగా వాడండి. క్లిక్కులే లేకపోతే లోపం పోస్టులో ఉంది, పైకి వెళ్లండి. క్లిక్కులుండి అమ్మకాలు లేకపోతే పోస్టు తన పని చేసింది, పుస్తకం పేజీ చేయలేదు. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

మొదట అట్ట. దాన్ని మీరు కంప్యూటర్ తెర మీద పెద్దగా చూసి ఆమోదించారు. పాఠకుడు చూసేది ఫోన్‌లో బొటనవేలి గోరంత. ఆ సైజుకి తగ్గించి, పుస్తకం గురించి తెలియని మనిషికి చూపించి "పేరేంటి? ఎలాంటి పుస్తకం అనిపిస్తోంది?" అని అడగండి. పేరు చదవలేకపోయినా, థ్రిల్లర్‌ని కవిత్వం అనుకున్నా అట్ట మార్చాల్సిందే. పల్చటి అక్షరాలు, ముదురు రంగు మీద ముదురు రంగు, రచయిత ఫొటోతో పాటు నాలుగు బొమ్మలు కలిపి కుక్కడం, తరచూ కనిపించే తప్పులు ఇవే. అమెజాన్ కిండిల్ ఈబుక్ అట్టకి సిఫారసు చేసే కొలత 2560 పిక్సెళ్ల ఎత్తు, 1600 వెడల్పు.

తర్వాత పరిచయం. ఫోన్‌లో మొదటి రెండు మూడు వాక్యాలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. ఆ రెండు వాక్యాలూ రచయిత చదువు, ఉద్యోగం, పొందిన ప్రశంసలతో నిండిపోతే కథ దాకా ఎవరూ రారు. డైరీ దొరికిన వాక్యంలాంటిది ముందు, మీ పరిచయం చివర.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, ఎవరూ అనుమానించనిది నమూనా. ఈబుక్‌కి ఉచిత నమూనా పుస్తకం మొదటి నుంచి తీసుకుంటారు, సాధారణంగా పది శాతం దాకా. మీ పుస్తకం మొదట్లో అంకితం, కృతజ్ఞతలు, మూడు ముందుమాటలు, ఒక అభినందన ఉన్నాయనుకోండి. నమూనా అంతా వాటితోనే అయిపోతుంది. పాఠకుడు మీ కథలో ఒక్క వాక్యం కూడా చదవకుండానే నిర్ణయం తీసుకుంటాడు. పెద్దలు ప్రేమతో రాసిన మాటల్ని తీసేయమనను. ఈబుక్‌లో వాటిని చివరికి జరపండి. విషయసూచిక అవగానే మొదటి అధ్యాయం రావాలి. సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని, ఖర్చు లేదు.

చివరగా, వెతుకులాట. అమెజాన్‌లో రచయితలు సొంతంగా పుస్తకం వేసుకునే వేదిక కేడీపీలో ఏడు కీవర్డు (వెతికే మాటల) పెట్టెలు, మూడు కేటగిరీలు ఇస్తారు. "పుస్తకం", "నవల" అని నింపితే ఆ పెట్టెలు వృథా. పాఠకుడు ఏమని వెతుకుతాడో అదే రాయండి: "అక్కచెల్లెళ్ల కథ", "కుటుంబ రహస్యం" లాంటివి. ఇంకో మాట, మీరు రాసిన భాషలో ఈబుక్ వేయడానికి ఆ వేదిక అనుమతిస్తుందో లేదో ఫైలు తయారుచేయకముందే చూసుకోండి. అన్ని భాషలూ అన్నిచోట్లా ఉండవు.

డబ్బు పెట్టి బూస్ట్ చేశాను, అమ్మకాల్లో తేడా లేదు

బూస్ట్ అంటే డబ్బు కట్టి పోస్టుని ప్రకటనగా ఎక్కువమందికి చూపించడం. అలా ప్రకటన ఇచ్చేటప్పుడు మీ లక్ష్యం ఏమిటని ఫేస్‌బుక్ అడుగుతుంది. అక్కడ ఎంగేజ్‌మెంట్ (లైకులు, కామెంట్లు) అని ఉంటే, లైకు కొట్టే అలవాటున్నవాళ్లని వెతికి మరీ చూపిస్తుంది. లైకులొస్తాయి, అంతే. లింకు క్లిక్కులు కావాలంటే ట్రాఫిక్ ఎంచుకోవాలి. "చదవడం" అంటే ఇష్టం ఉన్నవాళ్లందరికీ అని వదిలేయకుండా, మీ తరహా పుస్తకాలు చదివేవాళ్ల దాకా కుదించండి. ఒకే సమయంలో రెండు ప్రకటనలు నడిపి వాటి మధ్య ఒక్కటే తేడా ఉంచండి, బొమ్మ గానీ మొదటి వాక్యం గానీ. నా సలహా మాత్రం, పైన చెప్పిన పుస్తకం పేజీ సరిచేయకముందు ఒక్క రూపాయి కూడా ప్రకటనకి పెట్టొద్దని.

రివ్యూలు రావు, వచ్చినవీ మాయమవుతున్నాయి

మాయమవడానికి కారణం సాధారణంగా ఆ రివ్యూ రాసినవాళ్లు మీ ఇంట్లోవాళ్లో దగ్గరి మిత్రులో కావడం. అమెజాన్ నియమాల ప్రకారం వాళ్లు రాయకూడదు. డబ్బిచ్చి రాయించుకోవడం, నువ్వు నాకు రాస్తే నేను నీకు రాస్తా అనే ఒప్పందాలు కూడా నిషేధమే. చదవడానికి ముందస్తు కాపీ ఉచితంగా ఇవ్వొచ్చు, కానీ రివ్యూ రాయాలన్న షరతు పెట్టకూడదు.

రాకపోవడానికి కారణం ఇంకా మామూలుది: ఎవరూ అడగలేదు. పుస్తకం చివరి పేజీలో, కథ ముగిసిన వెంటనే ఒక మాట పెట్టండి. ఇంకా బాగా పనిచేసేది, ఎవరైనా ఇన్‌బాక్స్‌లో "నిన్న రాత్రి పూర్తిచేశానండీ, ఆ డైరీ సీను దగ్గర ఏడుపొచ్చింది" అని రాసినప్పుడు, థాంక్స్ చెప్పి ఊరుకోకుండా "ఈ మాటలే పుస్తకం పేజీలో కూడా పెడతారా? కొత్త పాఠకులకి ధైర్యంగా ఉంటుంది" అని అడగడం. లింకు కూడా అప్పుడే పంపండి. వెతుక్కోమంటే రేపటికి మర్చిపోతారు.

అచ్చయిన కాపీలో లోపాలున్నాయని పాఠకులు ఫొటోలు పెడుతున్నారు

పేజీ లోపలి వైపు అక్షరాలు బైండింగ్‌లోకి వెళ్లిపోతే గట్టర్ మార్జిన్ (బైండింగ్ వైపు వదిలే ఖాళీ) చాలలేదన్నమాట. కేడీపీ కొలతల్లో 150 పేజీల దాకా కనీసం 0.375 అంగుళాలు, 151 నుంచి 300 దాకా 0.5, 301 నుంచి 500 దాకా 0.625 ఉండాలి. ఇవి కనీస కొలతలు మాత్రమే, ఇంకాస్త వదిలితే చదవడానికి హాయిగా ఉంటుంది.

వెన్ను మీది పేరు పక్కకి జరిగి అట్ట మీదికి వచ్చేస్తే, అట్ట తయారయ్యాక పేజీల సంఖ్య మారి ఉంటుంది. క్రీమ్ కాగితానికి పేజీకి 0.0025 అంగుళాల లెక్కన 200 పేజీల పుస్తకానికి వెన్ను సరిగ్గా అర అంగుళం. చివరి నిమిషంలో ముందుమాటలు చేర్చి 230 చేస్తే అది 0.575 అవుతుంది. లోపలి ఫైలు పూర్తిగా ఖాయమయ్యాకే అట్ట కొలత తీయండి.

అట్ట మసకగా అచ్చయితే ఆ బొమ్మ వాట్సాప్‌లో ఫొటోగా ప్రయాణించి ఉంటుంది. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని డిజైనర్‌కి చెప్పండి. అచ్చుకి బొమ్మ స్పష్టత 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి. అక్షరాలు విరిగిపోతే ఫాంట్లు పీడీఎఫ్‌లో ఎంబెడ్ కాలేదని, అంటే ఫైలు లోపల కలిసిపోలేదని అర్థం. పాత డీటీపీ ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన ఫైలైతే ఒత్తులు, పొల్లులు వరసగా చూసుకోవాలి, కన్వర్టర్లు తడబడేది అక్కడే. ప్రూఫ్ కాపీ చేతిలోకి వచ్చాక గట్టిగా చదువుతూ ఒకసారి పూర్తిచేయండి. మీది కాని ఇంకో జత కళ్లు కూడా దాన్ని చూడాలి, ఎందుకంటే రాసినవాళ్లకి తప్పు ఉన్నచోట కూడా ఒప్పే కనిపిస్తుంది. ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డరు వచ్చినప్పుడే కాపీ అచ్చువేసే పద్ధతి) అయితే సరిదిద్దిన ఫైలు మళ్లీ ఎక్కించొచ్చు. అచ్చుతప్పులు దిద్దినంతమాత్రాన కొత్త ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) అక్కర్లేదు.

"పీడీఎఫ్ ఉందా?"

ఇలా అడిగేవాళ్లందరూ దొంగలు కారు. చాలామందికి పుస్తకం ఎలా కొనాలో తెలియదు. కోప్పడకుండా లింకు ఇచ్చి, మొదటి అధ్యాయం మాత్రం పీడీఎఫ్‌గా పంపండి, చివరి పేజీలో కొనే లింకుతో. పుస్తకం మొత్తం ఎక్కడైనా తిరుగుతుంటే ఆ వేదిక కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపండి. హక్కు రాసిన క్షణం నుంచే మీది. రివ్యూకని పంపే కాపీల్లో ఎవరికి పంపారో వాళ్ల పేరు ప్రతి పేజీలో పల్చగా వేయండి.

మొదటి వారం బాగుంది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది

దగ్గరివాళ్లు కొనేశారు, కొత్తవాళ్లకి చేరలేదు. దాచుకున్న సరంజామా అంతా విడుదల రోజే ఖర్చు పెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. పుస్తకం మళ్లీ ఒకసారి తిరగేసి, విడిగా చదివినా నిలబడే ముక్కలు ఓ ఇరవై ఏరి పెట్టుకోండి. వారానికి రెండు చాలు. మధ్యలో పాఠకులు పెట్టిన ఫొటోలు, అడిగిన ప్రశ్నలకి జవాబులు. చదివినవాళ్ల ఈమెయిళ్లు వాళ్ల అనుమతితో దాచుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి, ఫేస్‌బుక్ లెక్కలు మారినా ఆ జాబితా మీ దగ్గరే ఉంటుంది.

ఈబుక్‌ని కేడీపీ సెలెక్ట్‌లో, అంటే 90 రోజులు అమెజాన్‌లోనే ఉంచుతానని ఒప్పుకునే పథకంలో చేర్చినవాళ్లకి ఒక జాగ్రత్త. ఆ 90 రోజులూ ఈబుక్ ఇంకెక్కడా ఉండకూడదు, మీ సొంత ఫేస్‌బుక్ గోడ మీద సీరియల్‌గా పెట్టినా ఉల్లంఘనే. నమూనాగా పది శాతం దాకా పెట్టుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఈ అడ్డు లేదు. గడువు అయిపోగానే దానంతటదే మళ్లీ 90 రోజులకి పొడిగింపు అవుతుంది, వద్దనుకుంటే ముందుగానే ఆ పొడిగింపు టిక్ తీసేయాలి.