వరంగల్ ఎండల్లో ఉప్పునీటి ట్యాంకు: ఏ తేడాకి ఏం చెయ్యాలి

హన్మకొండలో గానీ, కరీంనగర్, మంచిర్యాలలో గానీ ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లకి చేప కాస్త డల్‌గా కనబడగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ మందు వెయ్యాలి?" నా మాట వింటే మందు సీసా ఆఖరున తీయండి. సముద్రం ఎక్కడో ఉండి, వేసవిలో 43, 44 డిగ్రీల ఎండ కాసే ఊళ్లు మనవి. ఇక్కడ చేపకంటే ముందు పాడయ్యేది నీళ్లు. వేడి, ఉప్పు, రోజూ పోసే నీళ్లు, కరెంటు. ఈ నాలుగూ బాగున్నాయని తేలాకే రోగం సంగతి.

అందుకే కింద చెప్పే ఏ లక్షణం కనబడినా ముందు కొలతలు తీసుకోండి. వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోలిస్తే ఈ నీళ్లు ఎన్ని రెట్లు బరువో చెప్పే లెక్క) 1.025 దగ్గర. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. టెస్ట్ కిట్ ఎక్స్‌పైరీ డేట్ కూడా చూడండి. గడువు దాటిన కిట్ అన్నీ బాగున్నాయనే చూపించొచ్చు.

చేపలు నీటి పైకొచ్చి ఆయాసపడుతున్నాయి

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఎక్కువగా కనిపించే సమస్య ఇది. క్లౌన్ ఫిష్ తన మూల వదిలేసి, పంపు నీళ్లు పడే చోట మూతి పైకి పెట్టి నిలబడుతుంది. మొప్పలు మామూలుకంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటాయి. థర్మామీటర్ 30 దాటి ఉంటే కారణం దొరికినట్టే. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు అవసరమయ్యే ఆక్సిజన్ పెరుగుతుంది. ఉప్పునీళ్లలో అసలే మంచినీళ్లకంటే ఆక్సిజన్ తక్కువ.

ముందు ఎయిర్ పంపు ఆన్ చేసి, ట్యాంకులో నీళ్లని కదిలించే వేవ్ పంపు మూతిని పైకి తిప్పండి. నీటి పైభాగం అలలు కొట్టాలి. లైటు ఆపి, పైన గ్లాసు మూత ఉంటే తీసెయ్యండి. చేప దూకకుండా దాని బదులు సన్నటి వల వెయ్యండి. హీటర్ ప్లగ్ కూడా పీకండి. థర్మోస్టాట్ అతుక్కుపోయి మే నెలలో హీటర్ వెలుగుతూనే ఉండటం అరుదేమీ కాదు, ఎవరూ అటువైపు చూడరంతే.

తర్వాత ఫ్యాన్. చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి ఏటవాలుగా నీటిమీద తగిలేలా పెడితే ఆవిరి లేచి నీళ్లు చల్లబడతాయి, కుండలో నీళ్లు చల్లబడినట్టే. ఒక్క లీటరు ఆవిరైతే 100 లీటర్ల నీటిని 5 డిగ్రీలకు పైగా దించేంత వేడిని తీసుకుపోతుంది. గది మళ్లీ కొంత వేడిని ఇస్తుంది కాబట్టి చేతికి దక్కేది 2, 3 డిగ్రీలు. మన వేసవి పొడి వేసవి కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. జులైలో వానలు పడి గాలిలో తేమ పెరిగాక అదే ఫ్యాన్ అంతగా పనిచెయ్యదు. అప్పుడు ఫ్యాన్ పాడైందని మార్చేయకండి.

మరీ అత్యవసరమైతే మూత బిగించిన ఐస్ బాటిల్ వెయ్యండి. లీటరు ఐస్ బాటిల్ పూర్తిగా కరిగితే 100 లీటర్ల ట్యాంకు సుమారు 1 డిగ్రీ దిగుతుంది. ఈ లెక్క గుర్తుంటే ఒకేసారి నాలుగు బాటిళ్లు పడేసే తొందరపాటు ఉండదు. ఐస్ ముక్కలు మాత్రం నేరుగా వెయ్యొద్దు. ఇక చిల్లర్, అంటే నీళ్లని చల్లబరిచే మిషన్ కొంటే, అది ట్యాంకులోంచి తీసిన వేడిని మళ్లీ గదిలోకే వదులుతుంది. తలుపులు మూసిన గదిలో పెడితే గదీ వేడెక్కుతుంది, దాని పనీ పెరుగుతుంది.

వేడి మామూలుగానే ఉండి ఆయాసం కనిపిస్తే అమ్మోనియా చూడండి.

కొత్త ట్యాంకులో చేపలు ఒక్కొక్కటే పోతున్నాయి

ట్యాంకు సైకిల్ అవ్వలేదు, అంటే వ్యర్థాలని మార్చే బ్యాక్టీరియా ఇంకా స్థిరపడలేదు. చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8కి పైనే ఉంటుంది కాబట్టి అమ్మోనియాలో విషపు భాగం ఎక్కువ. మంచినీటి ట్యాంకులో గోల్డ్ ఫిష్ తట్టుకున్న మోతాదు ఇక్కడ చంపేస్తుంది. పోయిన చేప స్థానంలో ఇంకో చేప తేకండి. నీళ్లు మార్చండి, మేత సగానికి తగ్గించండి, రెండు పరీక్షలూ సున్నా అయ్యేదాకా ఆగండి.

గాజు అంచున తెల్లటి ఉప్పు పొర, చేపలు రెక్కలు ముడుచుకున్నాయి

నీటి మట్టం తగ్గిందని కలిపి ఉంచిన ఉప్పునీళ్లే పోస్తున్నారా? కారణం అదే. ఆవిరయ్యేది మంచినీళ్లు మాత్రమే, ఉప్పంతా లోపలే మిగులుతుంది. 100 లీటర్ల ట్యాంకులో 10 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పు దాదాపు 39కి చేరుతుంది. ఆ పైన ఉప్పునీళ్లు పోస్తే అది అక్కడే ఉండిపోతుంది, వారం వారం ఇంకా పెరుగుతుంది.

గాజుకు బయట చిన్న టేపు ముక్క అంటించి, నీరు ఎక్కడ ఉండాలో గుర్తు పెట్టుకోండి. రోజూ పొద్దున ఆ గీత దాకా ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లు పొయ్యండి. ఉప్పు ఇప్పటికే పెరిగిపోయి ఉంటే తొందరపడి ఒక్క పూటలో దించొద్దు. స్పెసిఫిక్ గ్రావిటీ రోజుకు 0.001 చొప్పున తగ్గిస్తే చేపా రొయ్యా రెండూ తట్టుకుంటాయి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పాళ్ల కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూడండి. ఒట్టి నీళ్ల దగ్గర సున్నా చూపించిన పరికరం 35 దగ్గర కూడా కరెక్ట్‌గా చూపిస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇంకో మాట. కిరాణా షాపు కల్లుప్పుతో సముద్రపు నీరు తయారవదు. అందులో ఉన్నది సోడియం క్లోరైడ్. సముద్రపు నీటిలో లీటరుకు 1,280 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400కు పైగా కాల్షియం, పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు కూడా ఉంటాయి. సూర్యలంక బీచ్‌కి వెళ్లినప్పుడు డబ్బాల్లో నీళ్లు నింపుకొచ్చేవాళ్లూ ఉన్నారు. ఒడ్డు దగ్గరి నీళ్లలో మట్టి, మురుగు, పరాన్నజీవులు అన్నీ ఉంటాయి. ఆ పని వద్దు.

గోధుమరంగు పొడి, తర్వాత ఆకుపచ్చ నాచు

మొదటి నెలన్నరలో ఇసుకమీద గోధుమ పొర రావడం సహజం. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు జీవులు, వాటంతటవే పోతాయి. పోకుండా, పైగా పచ్చటి వెంట్రుకల నాచు కూడా వస్తే మీరు పోసే నీళ్లని అనుమానించండి. బోరు నీళ్లలో సిలికేటు, నైట్రేటు ఉంటాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. "మేం ఆర్‌ఓ నీళ్లే పోస్తున్నాం" అంటారు చాలామంది. అసలు చిక్కు అక్కడే ఉంది. వంటింటి ఆర్‌ఓ మిషన్లలో రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్ గానీ, మామూలు నీళ్లు కొంత కలిపే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ గానీ ఉంటుంది. తాగడానికి అది మంచిదే, ట్యాంకుకి కాదు. మెకానిక్‌ని పిలిచి, నీళ్లని వడకట్టే మెంబ్రేన్ తర్వాత, మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందు ఒక చిన్న పైపు బయటికి తీయించుకోండి. దానికి మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెజిన్ ఫిల్టర్ తగిలిస్తే టీడీఎస్ సున్నాకి దగ్గరగా వస్తుంది. వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాన్ అయినా సరే, టీడీఎస్ మీటరు పెట్టి చూడకుండా పొయ్యకండి.

ఎర్రటి జిగురు పొర వస్తే అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. నీటి కదలిక లేని మూలలో మొదలవుతుంది. పైపుతో పీల్చేసి, పంపు దిశ అటు మార్చి, మేత తగ్గించండి.

ఒంటిమీద తెల్లటి చుక్కలు

ఇది మాత్రం నిజంగా రోగమే. ఉప్పు రవ్వలంత చుక్కలు విడివిడిగా కనిపించి, చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే అది మెరైన్ ఇచ్, అంటే క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి తెచ్చే రోగం. పిండి చల్లినట్టు సన్నటి దుమ్ములా ఉండి, చేప తిండి మానేసి రొప్పుతుంటే అది వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి రోగం. దానికి గంటల్లో స్పందించాలి, రేపు చూద్దాంలే అంటే కుదరదు.

మంచినీటి చేపలకు చెప్పే "కల్లుప్పు వేసి వేడి పెంచండి" చిట్కా ఇక్కడ పనికిరాదు. ఆ ఇచ్ వేరే జీవి, ఈ ఇచ్ ఉప్పునీళ్లలోనే పుట్టి పెరిగేది. రెండు మూడు రోజుల్లో చుక్కలు మాయమైతే తగ్గిందనుకుంటాం. అవి చేపని వదిలి ఇసుకలో, రాళ్లమీద గూడు కట్టుకుని పిల్లలు పెడుతున్నాయని అర్థం. తర్వాతి దాడి ఇంకా గట్టిగా ఉంటుంది.

చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి మార్చి, అక్కడ కాపర్ మందు సీసామీద చెప్పిన మోతాదులో, ఆ మందుకు సరిపోయే టెస్ట్ కిట్‌తో కొలుస్తూ ఇవ్వాలి. పెద్ద ట్యాంకులో కాపర్ చుక్క కూడా వెయ్యొద్దు. రొయ్యలు, హెర్మిట్ పీతలు చచ్చిపోతాయి, రాళ్లు కాపర్‌ని పీల్చుకుని దాచుకుంటాయి. పెద్ద ట్యాంకు చేపల్లేకుండా సుమారు రెండున్నర నెలలు ఉండాలి. కష్టంగా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ సగంలో చేపలని తిరిగి వేస్తే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

రాత్రికి రాత్రి రొయ్యలు పడిపోయాయి, కొలతలన్నీ బాగున్నాయి

దోమల మందు. ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, కాయిల్, వానాకాలంలో మున్సిపాలిటీవాళ్లు వీధిలో కొట్టే ఫాగింగ్, వీటిల్లో సాధారణంగా ఉండేది పైరెథ్రాయిడ్ రకం మందులే. మనుషులకు పెద్దగా హాని చెయ్యని మోతాదే రొయ్యలకీ చేపలకీ విషం. ఎయిర్ పంపు ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది. ట్యాంకున్న గదిలో దోమతెర వాడండి. ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, పొగ తేలిపోయేదాకా ఎయిర్ పంపు ఆపి, వేవ్ పంపుమీద నడపండి. ఇప్పటికే జరిగిపోతే పెద్ద మొత్తంలో నీళ్లు మార్చి, విషాలని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

సీహార్స్ ఇప్పిస్తామని ఎవరో అంటున్నారు

తీసుకోకండి. మన దేశంలో సీహార్స్‌లు 2001 నుంచి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులితో సమానమైన రక్షణ. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే గట్టి పగడాలన్నీ కూడా అందులోవే, కాబట్టి ఎండిన పగడపు రాయి కూడా కొనకండి. సిరామిక్ రాళ్లతోనే అందమైన రీఫ్ వస్తుంది, బ్యాక్టీరియా వాటిమీదా స్థిరపడుతుంది. చట్టం పక్కన పెట్టినా సీహార్స్‌కి కడుపు ఉండదు, తిన్నది వెంటనే పేగుల్లోంచి జారిపోతుంది. రోజుకు రెండు మూడుసార్లు మేత పెట్టాలి, నీళ్లు ఎప్పుడూ 22 నుంచి 24 డిగ్రీల్లో ఉండాలి. రామగుండం మే నెలలో ఆ ప్రాణిని ఎంత హింస పెడతామో ఊహించండి. క్లౌన్ ఫిష్‌లని హ్యాచరీలో పెంచే పద్ధతిని మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు. హ్యాచరీలో పుట్టిన జంటని బిల్లుతో సహా అడిగి తెచ్చుకోండి.

కరెంటు పోయి వచ్చేసరికి నేలంతా నీళ్లు

పంపు ఆగగానే, నీళ్లని పైకి తెచ్చే రిటర్న్ పైపు వెనక్కి పీల్చుకుని, పై ట్యాంకు నీళ్లని కింది సంప్‌లోకి (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టిలోకి) దింపేస్తుంది. పైపు మూతి నీటి మట్టానికి ఎంత లోతులో ఉంటే అన్ని నీళ్లు దిగుతాయి. మూతిని పైకి తెచ్చి, నీటి మట్టానికి కాస్త కిందే పైపుకి చిన్న రంధ్రం పెట్టండి. నీరు ఆ రంధ్రం దాకా దిగగానే గాలి జొరబడి పీల్చడం ఆగుతుంది. ఆ రంధ్రంలో నాచు పేరుకుంటుంది, నెలకోసారి పుల్లతో శుభ్రం చెయ్యండి.

ఇన్వర్టర్‌మీద వేవ్ పంపు, ఎయిర్ పంపు చాలు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి వేరుగా పెట్టుకోండి, అది వందల రూపాయల్లో దొరుకుతుంది. మేడారం జాతరకి ఇల్లంతా బయల్దేరే ముందురోజు, మీరు అక్కడే ఉండగా మెయిన్ స్విచ్ ఆపి పది నిమిషాలు చూడండి. సంప్ అంచు దాకా నీళ్లొస్తే నీటి మట్టం తగ్గించి మళ్లీ ఆపి చూడండి. మూడు నాలుగు రోజులు మేత లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న క్లౌన్ ఫిష్‌కి ఏమీ కాదు. పక్కింటివాళ్లకి మేత డబ్బా ఇవ్వకుండా, ఆర్‌ఓ నీళ్ల బాటిల్ ఇచ్చి టేపు గీత చూపించండి.