బ్రిటిష్ మ్యూజియం చూసే ముందు ఒక హోమ్స్ కథ చదవండి

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం చూడబోతుంటే, ముందురోజు రాత్రే డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథల్లో ‘బ్లూ కార్బంకిల్’ (నీలి రత్నం) చదివేయండి. 1892లో వచ్చిన చిన్న కథ, గంట కూడా పట్టదు. పగలంతా ఆ మ్యూజియంలోనే గడిపే హెన్రీ బేకర్ అనే ఆయన టోపీ పోగొట్టుకుంటాడు. దాన్ని చూసి హోమ్స్, ఇతను మూడేళ్ల కిందట బాగానే బతికాడు, ఇప్పుడు చితికిపోయాడు అని చెప్పేస్తాడు.

పొద్దున నేరుగా మ్యూజియంకు వెళ్లకండి, కథల్లో హోమ్స్ ఇల్లుండే బేకర్ స్ట్రీట్ నుంచి నడవండి. కథలో హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్ వెళ్లిన దారి అదే: డాక్టర్లుండే వింపోల్ స్ట్రీట్, హార్లీ స్ట్రీట్, తర్వాత విగ్‌మోర్ స్ట్రీట్, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, చివరికి మ్యూజియం ఉన్న బ్లూమ్స్‌బరీలో ఒక చిన్న పబ్బు. వాళ్లకు పావుగంటే పట్టింది కానీ మీరు అరగంట పైనే పెట్టుకోండి. నడుస్తూ ఫోన్‌లో, ఆ కాలపు లండన్ పేదరికాన్ని వీధివీధినా లెక్కగట్టిన చార్లెస్ బూత్ మ్యాప్ తెరవండి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ దాన్ని ఉచితంగా పెట్టింది. 1889 నుంచి వచ్చిన ఆ మ్యాపుల్లో ప్రతి వీధికీ ఒక రంగు ఉంటుంది, పసుపు బాగా డబ్బున్నవాళ్లది, నలుపు అట్టడుగువాళ్లది. మీరు నడిచిన వీధుల రంగులు చూశాక, మ్యూజియంకు కాస్త దక్షిణంగా, అప్పట్లో పేదలుండే సెవెన్ డయల్స్ వైపు కూడా చూడండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నలుపు రంగుకు బూత్ ఇచ్చిన వివరణలో ‘సగం నేరస్తులు’ అన్న మాట ఉంది. అది రాసిన బూత్ ఓడల కంపెనీ యజమాని. కథలో దొరసాని రత్నం పోగానే పోలీసులు పట్టుకున్నది ఆ రోజు ఆమె గదిలో పనిచేసిన ఒక ప్లంబర్‌ని, అతనికి పాత కేసు ఉండటంతో అనుమానం ఇంకా బలపడింది. ఈ రెండిట్లో ఉన్నది ఒకే అలవాటని, పేదవాణ్ని ముందే నేరస్తుడనుకోవడమని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే మ్యాప్‌ని కూడా సాక్షి మాటలాగే అనుమానించి చదవండి.

మ్యూజియంలో అన్నీ చూడాలని పరిగెత్తొద్దు. మ్యూజియం తొలినాళ్ల సేకరణలుండే ఎన్‌లైటెన్‌మెంట్ గ్యాలరీ ఒక్కటి చాలు. మ్యూజియం మొదలైందే హాన్స్ స్లోన్ అనే డాక్టర్ సేకరణతో, ఆయన సంపదలో కొంత భార్య వైపు నుంచి వచ్చిన జమైకా చెరకు తోటలది, అక్కడ చాకిరీ చేసింది బానిసలు. ప్రతి వస్తువు దగ్గరా హోమ్స్ టోపీని అడిగినట్టే అడగండి: నిన్ను ఎవరు కొన్నారు, ఆ డబ్బు ఎక్కడిది?

బయటికొచ్చాక ఎదురుగా ఉన్న మ్యూజియం టావర్న్‌లో కూర్చోండి, కథలోని పబ్బు ఇదేనని చాలామంది అభిమానుల నమ్మకం. అక్కడ బేకర్ వచ్చే పేజీలు మళ్లీ చదవండి. టోపీ పోయిందని పేపర్లో ప్రకటన ఎందుకు ఇవ్వలేదంటే, చేతిలో షిల్లింగులు మునుపటిలా ఆడటం లేదంటాడు.