టర్కీకి, గూస్‌కి ఏ గేజ్? సమస్య - పరిష్కారం

అమెరికాలో వేట మొదలుపెట్టే మనవాళ్లు చాలామంది ఒకే షాట్‌గన్‌తో వసంతంలో టర్కీ కోడిని, చలికాలంలో కెనడా గూస్ అనే పెద్ద బాతు జాతి పక్షిని కొట్టాలనుకుంటారు. కుదురుతుంది. 3 అంగుళాల చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఉన్న 12 గేజ్ రెండింటికీ సరిపోతుంది. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె చిన్నదైతే గొట్టం పెద్దది. అయితే దెబ్బ కుదరనప్పుడల్లా గేజ్‌నే తప్పుపట్టకండి. చాలాసార్లు లోపం షెల్‌లోనో (గుండ్లు నింపిన తూటా), చోక్‌లోనో (గుండ్లు చెదరకుండా గొట్టం చివర ఇరుకు చేసే భాగం) ఉంటుంది. (హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ చేతికి వచ్చాకే తుపాకీ సంగతి చూడండి. అది లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం.)

సమస్య: గూస్ ఈకలు రాలుతున్నాయి గానీ పక్షి పడటం లేదు.

1991 నుంచి అమెరికా అంతటా బాతులు, గూస్‌ల వేటలో సీసం గుండ్లు నిషేధం. ఎక్కువమంది వాడేది స్టీల్. సీసం సాంద్రత 11.3 అయితే స్టీల్‌ది 7.8 మాత్రమే. తేలిక కాబట్టి స్టీల్ గుండు త్వరగా వేగం కోల్పోతుంది. ఆ లోటు తీరాలంటే 2 నంబరు, అంతకన్నా పెద్దదైన బీబీ లాంటి పెద్ద గుండ్లు కావాలి (నంబరు పెరిగేకొద్దీ గుండు సన్నబడుతుంది). పెద్దవి వేస్తే షెల్‌లో తక్కువే పడతాయి. 20 గేజ్‌లో అసలే చోటు తక్కువ కాబట్టి ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

పరిష్కారం: స్టీల్‌తో అయితే 12 గేజ్, 3 అంగుళాల షెల్, మాడిఫైడ్ (మధ్యస్థంగా ఇరుకైన) చోక్. 20 గేజే వాడాలనుకుంటే స్టీల్ కన్నా బరువైన బిస్మత్ లోహపు షెల్స్ కొనండి, పక్షి డెకాయ్‌ల (ఎరగా పెట్టే బొమ్మ పక్షుల) మీదికి దిగేదాకా ఆగండి. గాయపడి ఎగిరిపోయిన పక్షి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. దూరం నుంచి కాల్చకపోవడం మన బాధ్యత.

సమస్య: 40 గజాల్లో ఉన్న టర్కీ తప్పించుకుపోతోంది.

టర్కీని కొట్టాల్సింది తల, మెడ మీదే. చోక్ వదులుగా ఉంటే గుండ్లు చెదిరిపోతాయి. 40 గజాల్లో కాగితం పెట్టి, 10 అంగుళాల వలయంలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. వంద దాకా ఉంటే నిశ్చింత. లేకపోతే టర్కీ చోక్ (బాగా ఇరుకైన చోక్) పెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ కుదరకపోతే దగ్గరికి వచ్చాకే కాల్చండి. టీఎస్ఎస్ అనే టంగ్‌స్టన్ గుండ్ల సాంద్రత 18 దాకా ఉంటుంది. అందుకే 9 నంబరు లాంటి సన్న గుండు కూడా లోతుగా దిగుతుంది, 20 గేజ్ కూడా టర్కీకి నిక్షేపంగా సరిపోతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. అంత సన్న గుండ్లకు మీ రాష్ట్రంలో అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. టర్కీ చోక్ తీయకుండా పెద్ద స్టీల్ గుండ్లు కాల్చొద్దు, చోక్ గానీ గొట్టం గానీ పాడవుతుంది.

సమస్య: భుజం నొప్పి, ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుపోవడం.

తేలికపాటి తుపాకీలో మూడున్నర అంగుళాల షెల్స్ వేస్తే ఇలాగే ఉంటుంది. 3 అంగుళాలకు దిగండి, లేదా భుజానికి తన్ను తగ్గించే, గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్ తీసుకోండి.

సమస్య: రెండు గేజ్‌లూ ఇంట్లో ఉన్నాయి, షెల్ వేసి నొక్కితే పేలలేదు.

ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. 12 గేజ్ గొట్టం 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్ 15.6. పొరపాటున 12లో పడిన 20 గేజ్ షెల్ ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనకాల 12 షెల్ వేసి కాలిస్తే చేతి దగ్గరే గొట్టం పగిలిపోతుంది. 20 గేజ్ షెల్స్ పసుపు రంగులో ఉండేది ఇందుకే. పేలకపోతే అర నిమిషం పైనే గొట్టాన్ని సురక్షితమైన వైపు పట్టుకుని ఆగండి. తర్వాత తుపాకీ ఖాళీ చేసి, యాక్షన్ (షెల్ వేసే, తీసే భాగం) తెరిచి, చాంబర్ వైపు నుంచి గొట్టంలోకి చూడండి. వెలుతురు కనబడకపోతే ఇంకో షెల్ ముట్టుకోకుండా గన్‌స్మిత్ (తుపాకీలు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్లండి. రెండు గేజ్‌ల షెల్స్‌ని ఒకే జాకెట్‌లో, ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టకండి.