పెరటి స్మోకర్ మొరాయిస్తే: పొగ, సెగ, మాంసం కష్టాలు

టెక్సాస్‌లో ఇల్లు కొన్నాక పెరట్లోకి ముందు గ్యాస్ గ్రిల్ వస్తుంది. పక్కింటాయన ఒక ఆదివారం బ్రిస్కెట్ (పొగలో మెల్లగా ఉడికించిన ఆవు ఛాతీ మాంసం) రుచి చూపించాడంటే, మాంసాన్ని గంటల తరబడి పొగలో వండే బొగ్గుల స్మోకర్ కూడా వచ్చేస్తుంది. నాది 18 అంగుళాల వెడల్పున, బుల్లెట్ ఆకారంలో ఉండే రకం. అడుగున బొగ్గులు, వాటి మీద నీళ్ల గిన్నె, ఆపైన మాంసం పెట్టే జాలీలు, అన్నిటి మీద మూత. మొదటి రెండు నెలలు దీంట్లో తినదగ్గది ఒక్కటీ వండలేదు. అప్పుడు చెడగొట్టినవన్నీ, ఎందుకు చెడాయో తెలిశాక, ఇలా రాసిపెట్టుకున్నాను.

మా అమ్మమ్మ కుంపటి మీద పాలు కాచేది. సెగ కావాలంటే కింది నోటి దగ్గర విసనకర్రతో విసిరేది, వద్దంటే నిప్పుల మీద బూడిద కప్పేది. బొగ్గులు ఎన్ని పోశామని కాదు, వాటికి ఎంత గాలి అందుతోందన్నదే లెక్క. స్మోకర్ అంటే మూత ఉన్న కుంపటి. అందుకే ఏది తేడా వచ్చినా మసాలాను అనుమానించే ముందు వెంట్లు, అంటే గాలి కంతలు, చూడండి. గాలి కింది వెంట్లలోంచి లోపలికొస్తుంది, పొగ మూతలోని వెంట్‌లోంచి బయటికి పోతుంది.

ఇంకోటి, మూతకు బిగించి ఉన్న ముల్లు మీటర్‌ని నమ్మకండి. నా దాంట్లో మూత 250 చూపిస్తుంటే జాలీ దగ్గర 285 ఉండేది. (ఇక్కడ అన్నీ ఫారన్‌హీట్ డిగ్రీలే, 250 అంటే సెల్సియస్‌లో సుమారు 120.) రెండు ప్రోబ్‌లు (వేడి కొలిచే సూదులు) ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొని, ఒకటి జాలీ దగ్గర, ఇంకొకటి మాంసంలో పెట్టండి. కొత్తది కూడా ఒకసారి మరిగే నీళ్లలో పెట్టి చూడండి, 212 దగ్గర ఆగాలి.

పొగ తెల్లగా, చిక్కగా వస్తోంది. మాంసం చేదుగా ఉంది

నా మొదటి కోడి ఇదే. మూత తీస్తే కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగులా నల్లగా మెరుస్తోంది. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే నాలుక చివర తిమ్మిరెక్కింది. మా ఆవిడ ఇంకో ముక్కను కుళాయి కింద కడిగి చూసింది. ఏం లాభం లేదు, లోపలి దాకా చేదే.

చేసిన తప్పులు రెండు. పొగ లోపలే ఉంటే బాగా పడుతుందని పై వెంట్ మూసేశాను. పోయే దారి లేక పొగ అక్కడే తిరిగి, మసీ తారూ కలిసి మాంసం మీద పేరుకున్నాయి. రెండోది, పొగ కోసం బొగ్గుల మీద వేసే చెక్క ముక్కల్ని, ఎవరో చెప్పారని రాత్రంతా నానబెట్టాను. తడి చెక్క సరిగ్గా మండదు. ముందు ఆవిరి వదులుతుంది, తర్వాత ఉక్కిరిబిక్కిరిగా రాజుకుని తెల్లపొగ కక్కుతుంది.

కాబట్టి పై వెంట్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి. సెగ తగ్గించాలన్నా పెంచాలన్నా కింది వెంట్లతోనే. చెక్క ఎండుది కావాలి. పోర్క్ షోల్డర్‌కి (పంది జబ్బకి) పిడికిలంత ముక్కలు మూడో నాలుగో చాలు, కోడికి ఒకటి సరిపోతుంది. అంటించిన కొత్తలో పావుగంట, ఇరవై నిమిషాలు తెల్లపొగ రావడం మామూలే, అప్పుడే మాంసం పెట్టకండి. పొగ పల్చబడి, ఉందా లేదా అన్నట్టు లేత నీలంగా మారాక, ఆ వాసన తినాలనిపించేలా ఉంటేనే పెట్టండి.

చేదు కాకుండా కిరసనాయిల్ లాంటి వాసన వస్తే అది బొగ్గులు అంటించడానికి పోసే నూనె, లైటర్ ఫ్లూయిడ్ పని. చిమ్నీలో (బొగ్గులు అంటించే ఇనప గొట్టంలో) బొగ్గులు పోసి కింద కాగితం అంటిస్తే ఇరవై నిమిషాల్లో కణకణలాడతాయి, ఏ నూనె అక్కర్లేదు. ముందే నూనె పట్టించి అమ్మే బొగ్గులు స్మోకర్‌కి పనికిరావు.

ఏ చెక్క అని అడుగుతారు. ఇక్కడ ఓక్, పెకాన్ సులువుగా దొరుకుతాయి, రెండూ మంచివే. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దాయాది. ఘాటు ఎక్కువ, కొత్తవాళ్లు కొంచెంతో మొదలుపెట్టండి. పైన్, రంగు వేసిన చెక్క, పాత ఫర్నిచర్ ముక్కలు వద్దు.

వేడి 300 దాటేసింది, ఎంతకీ దిగట్లేదు

చిమ్నీ నిండా అంటించిన బొగ్గులు ఒకేసారి కుమ్మరించి ఉంటారు. ఒకసారి రాజుకున్న నిప్పును తగ్గించడం కంటే చిన్న నిప్పును పెంచుకోవడం తేలిక. బార్బెక్యూ పోటీల్లో వండిన జిమ్ మినియన్ పేరు మీద ఒక పద్ధతి ఉంది. అంటించని బ్రికెట్లతో (అచ్చుపోసిన బొగ్గు బిళ్లలతో) బొగ్గుల గూడు నింపి, మధ్యలో గుంట చేసి, అందులో పదిహేనో ఇరవయ్యో కణకణలాడే బ్రికెట్లు వెయ్యాలి. నిప్పు మెల్లగా పక్కలకు పాకుతూ గంటల తరబడి ఒకే సెగ ఇస్తుంది.

వేడి 210కి రాగానే కింది వెంట్లు సగానికి పైగా మూయడం మొదలుపెట్టండి. 250 వచ్చేదాకా ఆగితే 290కి పోయి కూర్చుంటుంది. వెంట్ కదిపాక పావుగంట చెయ్యి కట్టుకోండి. రెండు నిమిషాలకోసారి కదిపితే మీరే దాన్ని పిచ్చెక్కిస్తారు, నేను ఎక్కించాను.

ఇప్పటికే దాటిపోయి ఉంటే కింది వెంట్లు దాదాపు మూసేసి, నీళ్ల గిన్నె ఎండిందేమో చూసి వేడినీళ్లు పొయ్యండి. బొగ్గుల మీద మాత్రం నీళ్లు చల్లకండి, బూడిదంతా లేచి మాంసానికి అంటుకుంటుంది. మాటిమాటికీ మూత తీసినా ఇదే గొడవ. ముందు వేడి పడిపోతుంది, ఆ గాలికి బొగ్గులు రగిలి మూత పెట్టాక పైకి పోతుంది. కొత్త స్మోకర్ అయితే తలుపు సందుల్లోంచి గాలి లాగి కాస్త ఎక్కువ వేడిగానే నడుస్తుంది. నాలుగైదు వంటలకు లోపల జిడ్డు పట్టి సర్దుకుంటుంది.

వేడి ఎక్కట్లేదు

ముందు బూడిద చూడండి. కింది వెంట్లు మూసుకుపోయి ఉంటాయి, స్మోకర్ కాళ్ల మీద మెల్లగా తట్టితే రాలుతుంది. గిన్నెలో చన్నీళ్లు పోసినా అవి కాగేదాకా వేడి లేవదు. బొగ్గులు తేమ పట్టాయేమో కూడా చూసుకోండి, సగం వాడిన సంచిని నేను గ్యారేజీలో మూతి కట్టకుండా వదిలేసేవాణ్ని.

షోల్డర్ 158 దగ్గరే నాలుగు గంటలుగా ఆగిపోయింది

భోజనానికి ఏడింటికి రమ్మని మూడు కుటుంబాల్ని పిలిచాను. ఎనిమిది పౌండ్ల షోల్డర్, పొద్దున్న తొమ్మిదింటికి పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి 158కి వచ్చింది. ఆరింటికీ 158 దగ్గరే ఉంది. టెన్షన్‌లో బొగ్గులు పోశాను, ప్రోబ్ మార్చాను, బ్యాటరీ మార్చాను. వచ్చినవాళ్లు పప్పుచారు, ఆమ్లెట్లు తిని వెళ్లారు. షోల్డర్ రాత్రి పదకొండున్నరకి అయింది. అద్భుతంగా ఉంది, తినడానికి మేమిద్దరమే ఉన్నాం.

ఇది స్మోకర్ తప్పు కాదు. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? పైకి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మాంసం కూడా అంతే, 150 నుంచి 170 మధ్య చెమట పట్టినట్టుండి, బయటి వేడి ఎంత వస్తే అంత ఆవిరితో పోతుంది. ఆ తడి తగ్గేదాకా ముల్లు కదలదు.

ఓపిక ఉంటే అలాగే వదిలెయ్యండి, పైపొర గట్టిగా, కరకరలాడుతూ వస్తుంది. తొందరుంటే రంగు ముదురు గోధుమకు తిరిగాక, సుమారు 165 దగ్గర, రెండు పొరల ఫాయిల్‌లో బిగుతుగా చుట్టండి. ఆవిరి పోయే దారి ఉండదు కాబట్టి వేడి ఎక్కుతుంది, పైపొర మాత్రం కొంచెం మెత్తబడుతుంది. నేను చుట్టేస్తాను, సిగ్గేం లేదు. 195 నుంచి 205 మధ్య ప్రోబ్ గుచ్చి చూడండి, ఇడ్లీలో దిగినట్టు దిగితే అయినట్టే. అంకె వచ్చినా గట్టిగా తగిలితే ఇంకా ఉంచాలి, లోపలి బిగువు ఇంకా కరగలేదు.

250 దగ్గర పౌండుకు గంటన్నర లెక్కేసుకుని, ఆపైన రెండు గంటలు అదనంగా పెట్టుకోండి. ముందే అయిపోతే నష్టం లేదు. ఫాయిల్‌తో సహా పాత తువ్వాళ్లు చుట్టి, ఐసు లేని ఐస్‌బాక్సులో పెడితే కొన్ని గంటలు వేడిగానే ఉంటుంది. 140 కిందికి దిగకుండా చూసుకోండి, చాలు.

కోడి తోలు రబ్బరులా సాగుతోంది

కోడికి గంటల తరబడి సన్నసెగ అక్కర్లేదు, లోపల 165 వస్తే అయిపోయినట్టే. తోలు కరకరలాడాలంటే చుట్టూ 300 నుంచి 325 కావాలి. గిన్నెలో నీళ్లు తీసేసి వెంట్లన్నీ తెరవండి. ముందు రోజు ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచితే తోలు ఆరుతుంది. మన పెరుగు మసాలా దట్టంగా పూస్తే తోలు ఎప్పటికీ వేగదు. తోలు తీయించడం అలవాటైతే మాత్రం పెరుగే రక్ష, అప్పుడు రొమ్ము కాకుండా తొడలు పెట్టండి.

మేకమాంసం చెక్కలా ఎండిపోయింది

మేకలో కొవ్వు తక్కువ. షోల్డర్‌కి చేసినట్టు చేస్తే మిగిలేది ఉప్పుకండమే. తొడ కంటే జబ్బ తీసుకోండి. హలాల్ కొట్లో చెప్పకపోతే అలవాటుగా కూర ముక్కలు కొట్టేస్తారు, కత్తి ఎత్తకముందే చెప్పాలి. రాత్రే ఉప్పు పట్టించి, 250 దగ్గర రెండు మూడు గంటలు పొగ పెట్టి, తర్వాత లోతైన ఫాయిల్ ట్రేలో ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, గరం మసాలా, ఒక గ్లాసు నీళ్లతో మూసి మళ్లీ లోపల పెట్టండి. 200 దగ్గర ఎముక దానంతటదే ఊడొస్తుంది. ట్రేలో మిగిలిన పులుసు పారబొయ్యకండి, మరునాడు బగారా అన్నంలోకి అంతకు మించింది లేదు.

ఉడికింది గానీ అంచున గులాబీ రంగు ఉంది

పచ్చి కాదు. పొగలోని వాయువులు మాంసపు రంగు పదార్థంతో కలిసి అలా నిలిచిపోతాయి. థర్మామీటర్ చెప్పింది నమ్మి వడ్డించండి.

వాన మొదలైంది, లోపలికి లాగనా?

వద్దు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనుషులు చనిపోతారు. గొడుగు పట్టుకుని నిలబడండి, లేదా మాంసాన్ని ఫాయిల్‌లో చుట్టి ఇంట్లో ఓవెన్‌లో 250 దగ్గర పూర్తి చెయ్యండి. పట్టాల్సిన పొగ అప్పటికే పట్టేసి ఉంటుంది.

మూడు వారాల తర్వాత మూత తీస్తే బూజు

వంటయ్యాక వెంట్లన్నీ మూసి పడుకున్నారు, మంచి పనే, మిగిలిన బొగ్గులు మళ్లీ పనికొస్తాయి. కానీ గిన్నెలోని కొవ్వు నీళ్లు మర్చిపోయారు. ఆ నీళ్లు పారబోసి, మాంసం లేకుండా చిమ్నీ నిండా బొగ్గులు అంటించి, వెంట్లన్నీ తెరిచి గంటసేపు మండించండి. చల్లారాక బ్రష్‌తో గీకి, జాలీలు సబ్బుతో కడగండి. బూడిదను మాత్రం రెండు రోజులు ఆగి, ఇనప డబ్బాలోకి ఎత్తండి. పైకి చల్లగా కనిపించే బూడిద ప్లాస్టిక్ చెత్తబుట్ట అడుగును కరిగించడం కళ్లారా చూశాను. అది మా బుట్టే.