కోడిపిల్లలకి ఏమేం టీకాలు పడ్డాయో తెలుసుకున్నాకే స్టార్టర్ దాణా (పిల్లలకి మొదట్లో పెట్టే దాణా) కొనండి, ఎందుకంటే...

పిల్లల్ని తెచ్చుకునేటప్పుడు హేచరీ వాళ్లని ఒక్కటి అడగండి, వీటికి ఏమేం టీకాలు వేశారు అని. చాలామంది దాణా బస్తా ముందే కొని పెట్టేసుకుంటారు, టీకాల సంగతి తర్వాత చూస్తారు, కానీ కాక్సిడియోసిస్, అదే రక్త విరేచనాల జబ్బు, దాని టీకా వేసిన పిల్లలకి యాంప్రోలియం అనే మందు కలిపిన స్టార్టర్ పెడితే ఆ టీకా దండగే. అందులో ఉండేవి బతికున్న పరాన్నజీవులు, అవి పేగుల్లో కాస్త పెరిగితేనే పిల్లకి ఇమ్యూనిటీ వస్తుంది, మందు దాణా వాటిని పెరగనివ్వదు. సో ఆ టీకా పడుంటే మామూలు స్టార్టర్, పడకపోతే మెడికేటెడ్, అంటే ఆ మందు కలిపింది. మిగతావి వైరస్ జబ్బుల టీకాలు, వాటికి దీంతో గొడవ లేదు.

ఇంకోటి, యాంప్రోలియం ఆ పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి పనిచేస్తుంది, అందుకే మెడికేటెడ్ దాణా పెడుతూ బలానికని నీళ్లలో బి కాంప్లెక్స్ టానిక్ పోయకండి, మందు పవర్ తగ్గిపోతుంది.

ఇక టీకాల వరస. మారెక్స్ (కాళ్లు, రెక్కలు పడిపోయే వైరస్ జబ్బు) టీకా మొదటిరోజే హేచరీలోనే మెడ దగ్గర చర్మం కింద వేస్తారు, ఇంటికొచ్చాక వేద్దాంలే అనుకుంటే లేటే. 5-7 రోజులకి కొక్కెర తెగులుకి (రాణిఖేత్ జబ్బు) ఎఫ్-1 టీకా గానీ లసోటా టీకా గానీ కంట్లో ఒక చుక్క, 14 రోజుల టైంలో గంబోరో (ఇమ్యూనిటీని దెబ్బతీసే వైరస్ జబ్బు) టీకా, 4 వారాలకి లసోటా మళ్లీ. మీ దగ్గర ఏ జబ్బులు తిరుగుతున్నాయో దాన్నిబట్టి ఇది కొంచెం అటూఇటూ అవుతుంది, పశువుల డాక్టర్ని ఒకసారి అడగండి.

చుక్క వేసేటప్పుడు తల పక్కకి తిప్పి పట్టుకుని, పిల్ల కన్ను ఆర్పి చుక్క లోపలికి పోయేదాకా వదలొద్దు. టీకా 2-8 డిగ్రీల్లో ఉండాలి, ఐస్ బాక్స్‌లోనే తీసుకెళ్లాలి, కలిపాక ఒకట్రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది రేపటికి దాచడం అనే మాటే లేదు. నీళ్లలో ఇచ్చే టీకా అయితే క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు వాడొద్దు, లీటరుకి రెండున్నర గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలపండి, ఇచ్చేముందు ఓ గంటో రెండు గంటలో నీళ్లు తీసేస్తే దాహానికి అన్నీ గబగబా తాగేస్తాయి. డల్‌గా ముడుచుకు కూర్చున్న పిల్లలకి టీకా వద్దు, కోలుకున్నాక చూద్దాం. లసోటా తర్వాత రెండుమూడు రోజులు కాస్త తుమ్మినా కంగారుపడకండి. మీ చేతులు కడుక్కోండి కూడా, ఆ వైరస్ మన కళ్లలో పడితే కళ్లు ఎర్రబడతాయి.

దాణా విషయానికొస్తే గుడ్ల జాతి పిల్లలకి 18-20 శాతం ప్రొటీన్, బ్రాయిలర్‌కి 22 దాకా. క్రంబుల్ (చిన్న పలుకులుగా ఉండే దాణా) అయితే వేస్టేజ్ తక్కువ. బస్తా మీద తయారీ తేదీ చూడండి, ముక్కిన వాసన వస్తే, గడ్డకడితే వద్దు, చవగ్గా ఇస్తానన్నా వద్దు, ఆ బూజు విషం పిల్లల లివర్ మీద పడుతుంది. ఇంట్లో పెద్దకోళ్లకి తెచ్చిన లేయర్ దాణా ఉంది కదా అదే పెడదాం అనుకోవద్దు, అందులో కాల్షియం మూడున్నర శాతం పైనే ఉంటుంది, పిల్లల కిడ్నీలు తట్టుకోలేవు.

గుడ్ల జాతి పిల్లలకి 8 వారాల దాకా స్టార్టరే, ఆ తర్వాత గ్రోయర్ (ఎదిగే కోళ్ల దాణా), ఒకేసారి కాకుండా వారం పాటు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.