మాకో నటనను చూడటం ఎలా: ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు సినిమా జీవితాన్ని పరిశీలించే పద్ధతి

కథానాయకుడి గురించి చెప్పవలసి వస్తే సినిమాల పేర్లు వరుసగా చెప్పుకుంటూ పోయినా చాలావరకు పని జరుగుతుంది. క్యారెక్టర్ ఆర్టిస్టు విషయంలో అలా కుదరదు. సినిమా వేరొకరిది, అందులో దొరికిన పది నిమిషాలు మాత్రమే ఆయనవి. గుమ్మడి గారినో రావు గోపాలరావు గారినో తలచుకోగానే మనకు ముందుగా మెదిలేది ఒక మాట విరుపు, ఒక చూపు, కండువా సర్దుకునే తీరు. సినిమా పేరు ఆ తరువాత గుర్తుకు వస్తుంది. జపానులో పుట్టి అమెరికాలో నటుడిగా స్థిరపడిన మాకోను కూడా అలాగే చూడాలని, ఆ చూడటానికి ఒక క్రమం ఉంటే మేలని నా నమ్మకం.

చిక్కడపల్లిలో మా ఇంటి హాల్లో నెలకొకసారి పదిమందిమి కూర్చుని సినిమాలు చూసి మాట్లాడుకుంటాం. వారిలో సికింద్రాబాద్ సంగీత్ థియేటర్లో ఇంగ్లీషు సినిమాలు చూసి పెరిగినవారూ ఉన్నారు, కార్టూన్ల ద్వారా మాత్రమే మాకో తెలిసిన కాలేజీ పిల్లలూ ఉన్నారు. మొదటిసారి నేను 1933లో కోబేలో జననం అని మొదలుపెట్టి, 1959లో తొలి సినిమా అంటూ సంవత్సరాల వారీగా చదువుకుంటూ పోయాను. 1966కు వచ్చేసరికి సగంమంది టీ కోసం లేచారు. డబ్బింగ్ చెప్పి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం కూర్చున్నచోటి నుంచే, "ముందు ఆయన గొంతు వినిపించండి బాబూ, ఊరూ పేరూ తరువాత అడుగుతాం" అన్నారు. అప్పటి నుంచి నేను గొంతుతోనే మొదలుపెడుతున్నాను.

‘సమురాయ్ జాక్’ కార్టూన్‌లో ఆకు అనే రాక్షసుడికి 2001 నుంచి 2004 వరకు గొంతు ఇచ్చింది మాకోనే. ఇంగ్లీషు ఆడియో పెట్టుకుని వినాలి. అనువాదం పెట్టుకుంటే మనం వినేది మరొక కళాకారుడి గొంతు అవుతుంది. బొంగురుగా, గొంతులో గులకరాళ్లు దొర్లుతున్నట్టుగా మొదలైన మాట చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా పైకి లేచి చిన్నపిల్లవాడి ఉక్రోషంగా మారుతుంది. తెర చూడకుండా ఒకసారి, చూస్తూ ఒకసారి వినండి. ఆ వెంటనే 1982 నాటి ‘కోనన్ ది బార్బేరియన్’ మొదటి నిమిషాలు పెట్టండి. అందులో మాంత్రికుడి వేషం వేసిన మాకోనే కథకుడు కూడా, సినిమాకు తలుపు తెరిచేది ఆయన గొంతే. ఒకే గొంతు ఒకచోట భయపెడుతూనే నవ్విస్తుంది, మరొకచోట పురాణకాలక్షేపంలా కూర్చోబెడుతుంది.

గొంతు పరిచయమైన తరువాత ముఖం చూడాలి. అందుకు ‘ది శాండ్ పెబుల్స్’ ఒక్కటి చాలు. రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో 1966లో వచ్చిన ఈ సినిమా కథ 1926 నాటి చైనాలో, యాంగ్‌ట్సీ నది మీద తిరిగే ఒక అమెరికన్ యుద్ధనౌకలో జరుగుతుంది. మాకో వేసింది ఇంజను గదిలో పనిచేసే పో-హాన్ అనే చైనా కూలీ పాత్ర. మూడు గంటల సినిమా కాబట్టి మొత్తం ఒకేసారి చూడటం కష్టమనుకునేవారు పో-హాన్ ఉన్న సన్నివేశాలను వరుసగా చూసుకోవచ్చు. నా సలహా మాత్రం మొత్తం చూడమనే.

ముఖ్యంగా ఆగవలసిన చోటు, స్టీవ్ మెక్వీన్ వేసిన హోల్మన్ అనే ఇంజనీరు పో-హాన్‌కు ఆవిరి ఎలా పనిచేస్తుందో నేర్పే ఘట్టం. పో-హాన్‌కు వచ్చింది ముక్కలు ముక్కలుగా ఉండే ఇంగ్లీషు. అలాంటి సంభాషణను తేలిగ్గా నవ్వులకు వాడుకోవచ్చు, అప్పటి హాలీవుడ్‌లో ఆసియా పాత్రలకు తరచుగా జరిగిందీ అదే. మాకో అలా చేయలేదు. మాట వెతుక్కుంటున్నప్పుడు ఆయన కళ్లు యంత్రం వైపు వెళతాయి, అర్థం కాగానే ముఖమంతా వెలుగు వస్తుంది, భాష తక్కువే గాని బుద్ధి తక్కువ కాదని ప్రేక్షకుడికి మాటలు లేకుండానే తెలిసిపోతుంది. ఆ తరువాత బరిలో తనకంటే భారీ నావికుడితో తలపడే పో-హాన్‌ను, చివరకు మూక చేతికి చిక్కి చిత్రహింస పడుతుంటే స్నేహితుడే కాల్చి విముక్తి కలిగించవలసి వచ్చే పో-హాన్‌ను చూసినప్పుడు మన గుండె బరువెక్కడానికి బీజం ఆ ఇంజను గదిలోనే పడింది. ఈ పాత్రకు మాకో ఉత్తమ సహాయ నటుడి విభాగంలో ఆస్కార్ నామినేషన్ అందుకున్నారు.

జీవిత వివరాలు చెప్పవలసింది ఇక్కడ, అదీ క్లుప్తంగా. అసలు పేరు మకోటో ఇవమాట్సు. తల్లిదండ్రులిద్దరూ చిత్రకారులు, జపాన్ సైనిక పాలనను ఎదిరించినవారు. 1939లో పిల్లవాణ్ని పెద్దల దగ్గర వదిలి అమెరికా వెళ్లారు; యుద్ధం ముగిశాక 1949లో గాని మాకో వారిని చేరలేకపోయారు. వాస్తుశిల్పం చదవబోయి నాటకంలో పడ్డారు, మధ్యలో అమెరికా సైన్యంలో పనిచేశారు.

దీని తరువాత చాలామంది నేరుగా తరువాతి సినిమాకు వెళ్లిపోతారు. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. ఆస్కార్ దాకా వెళ్లిన నటుడికి కూడా మళ్లీ వచ్చినవి ఎక్కువగా చిన్న వేషాలే, కాబట్టి ఆ వేషాల మధ్య ఆయన ఏం చేశారో తెలియకపోతే ఈ జీవితం అర్థం కాదు. 1965లో మరికొందరు కళాకారులతో కలిసి లాస్ ఏంజెలెస్‌లో ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ అనే నాటక సంస్థను స్థాపించి, 1989 వరకు దాని కళా దర్శకుడిగా ఉన్నారు. ఆసియా మూలాలున్న నటులకు నౌకరు, విలన్ వేషాలు తప్ప మరేవీ దొరకని రోజుల్లో అన్ని రకాల పాత్రలూ వేసుకునే చోటు అది. 1976లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేలో ‘పసిఫిక్ ఓవర్చర్స్’ సంగీత నాటకంలో ఆయన కథ నడిపించే పాత్ర వేసి, అమెరికా నాటకరంగంలో ఇచ్చే టోనీ అవార్డుకు నామినేట్ అయ్యారు. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి పద్ధతిలో సాగే ఆ నాటకంలో ఆయన స్థానం మన నాటకాల్లోని సూత్రధారుడిది అంటే సురభి నాటకాలు చూసినవారికి ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న వేషాలకు రావచ్చు. ఒక నోటు పుస్తకంలో మూడు గళ్లు గీసుకోండి: పాత్ర ఏ దేశస్థుడు, తెర మీద ఎన్ని నిమిషాలు, ఆయన రాకతో సన్నివేశంలో మారినదేమిటి. మొదటి గడి నిండుతున్నకొద్దీ హాలీవుడ్ ఆయనను ఎలా వాడుకుందో కనిపిస్తుంది: పో-హాన్ చైనీయుడు, 1997 నాటి ‘సెవెన్ ఇయర్స్ ఇన్ టిబెట్’లో టిబెటన్, 2001 నాటి ‘పర్ల్ హార్బర్’లో జపాన్ అడ్మిరల్ యమమోటో. మూడో గడి అన్నింటికన్నా విలువైనది, దానికి తొందరపడకుండా సమయం ఇవ్వండి. వీటి పక్కన మసహిరో షినోడా 1971లో తీసిన జపనీస్ సినిమా ‘సైలెన్స్’ పెట్టి చూస్తే, మాతృభాషలో మాట్లాడేటప్పుడు ఆయన శరీరం ఎంత వేరుగా కదులుతుందో తెలుస్తుంది. టీవీలో వేసిన అతిథి పాత్రలు చాలా ఉన్నాయి. రెండు మూడు చూస్తే సరిపోతుంది.

చివరగా ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే టీవీ కార్టూన్‌లో మాకో గొంతు ఇచ్చిన అంకుల్ ఐరో. మా కాలేజీ పిల్లలు మొదటి నుంచీ ఎదురుచూసేది దీనికోసమే. మాకో 2006 జూలై 21న మరణించారు. ఆ సెప్టెంబరులో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో ఐరో రోజంతా ఊళ్లో ఎదురైనవారికి సాయం చేసి, సాయంత్రం ఒక గుట్ట ఎక్కి, యుద్ధంలో పోయిన కొడుకు బొమ్మ ముందు అతని పుట్టినరోజున ఒక పాట పాడతాడు. పాట మధ్యలో గొంతు జీరపోతుంది. మొదట వినిపించిన ఆ రాక్షసుడి గొంతే ఇది అని ముందుగా ఎవరికీ చెప్పకండి, వారే పోల్చుకుంటారు. ఘట్టం చివర తెర మీద మాకో గౌరవార్థం అన్న అక్షరాలు వస్తాయి. అవి పూర్తిగా వెళ్లిపోయేవరకు హాల్లో లైటు వేయకండి.