పెళ్లి ఉంగరానికి వజ్రం కొనేముందు జాగ్రత్తలు

బరంపురంలో కొన్నా, పర్లాకిమిడిలో కొన్నా ముందు ఇవి చూసుకోండి.

- ఆకారం అంటే పైకి కనిపించే రూపం, కట్ అంటే రాయిని ఎంత బాగా కోశారన్నది; రెండూ వేరు. గుండ్రటి రాయికి మామూలుగా 57 లేదా 58 ముఖాలుంటాయి. వాటి కోణాలు కుదిరితేనే లోపలికెళ్లిన వెలుగు పైకి తిరిగొస్తుంది. మరీ లోతుగా కోస్తే బరువంతా అడుగున దాగి, పైకి రాయి చిన్నదిగా కనిపిస్తుంది. 1 క్యారెట్ అంటే 0.2 గ్రాములే, గుండ్రటిదైతే వెడల్పు సుమారు 6.5 మిల్లీమీటర్లు. మొహమాటపడకుండా కొలిపించండి.

- షాపు దీపాల కింద ప్రతి రాయీ మెరుస్తుంది. గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూడండి.

- ప్రిన్సెస్ (చతురస్రం), మార్కీజ్ (రెండు వైపులా మొనదేలిన పడవ ఆకారం) రాళ్ల కొనలు దెబ్బ తగిలితే విరుగుతాయి. రోజూ ఇంటిపని చేసే చేతికి నేనైతే గుండ్రటిదే చెబుతాను.

- ఎమరాల్డ్ కట్ అని పిలిచే దీర్ఘచతురస్రాకారపు రాయిలో లోపలి మచ్చలు దాగవు.

- రాయి అంచున లేజర్‌తో చెక్కిన నంబరుంటే, భూతద్దం అడిగి, రాయిని పరీక్షించిన ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో సరిచూడండి.